చెల్లని కాసు వీధిలో ఐదుగురు

చికాగో నగరంలో దారి తప్పడం కష్టం. స్టేట్ స్ట్రీట్, మాడిసన్ స్ట్రీట్ కలిసే కూడలిని అక్కడివారు సున్నాగా పెట్టుకున్నారు. ఆ సున్నా దగ్గర నుంచి నాలుగు దిక్కులకూ ఇళ్ళ నంబర్లు పెరుగుతూ పోతాయి. ఉత్తర దిక్కున మైలుకు ఎనిమిది వందల నంబర్లు. చేతిలో చిరునామా ఉంటే చాలు, ఎంత దూరం నడవాలో కాగితం మీద లెక్క వేసుకోవచ్చు. లెక్కలతో బతికే నాలాంటి బ్యాంకు ఉద్యోగికి ఆ ఊరు మొదటి రోజే నచ్చడానికి ఇదొక కారణం.

నేను వెతుక్కుంటూ వెళ్ళిన చిరునామా 1321, నార్త్ వెల్స్ స్ట్రీట్. అంటే సున్నా నుంచి మైలున్నర దాటి ఇంకాస్త ఉత్తరానికి. ఆ పేటను ఓల్డ్ టౌన్ అంటారు. 1960లలో ఆ నంబరులో ‘ప్లగ్డ్ నికెల్’ అనే జాజ్ క్లబ్బు ఉండేది. నికెల్ అంటే అమెరికా వాళ్ళ అయిదు సెంట్ల నాణెం. నాణేనికి చిల్లు పెట్టి, అందులోని మంచి లోహం తీసేసి, చవక లోహంతో పూడ్చి మళ్ళీ చలామణీలోకి వదిలే మోసగాళ్ళు పూర్వం ఉండేవారట. అలా పూడ్చిన నాణెమే ప్లగ్డ్ నికెల్. ఎందుకూ కొరగాని వస్తువును కూడా అదే మాటతో ఎత్తిపొడుస్తారు. మన తెలుగులో చెప్పాలంటే చెల్లని కాసు.

ముప్ఫై ఏళ్ళుగా క్యాష్ కౌంటర్ల చుట్టూ తిరిగిన మనిషి, సెలవు పెట్టి ముంబయి నుంచి అంత దూరం ఎగిరి వెళ్ళి, చెల్లని కాసు చిరునామా కోసం తిరగడం మా శ్రీమతికి నవ్వు తెప్పించింది. “చెల్లేవి చాలా ఉన్నాయి కదండీ ఈ ఊళ్ళో చూడ్డానికి” అంది. ఉన్న మాటే. 1893లో వివేకానందుడు ప్రసంగించిన భవనం ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌గా అక్కడే ఉంది. సముద్రం లాంటి మిషిగన్ సరస్సు ఉంది. అరోరాలో వేంకటేశ్వరస్వామి గుడి ఉంది. మా అమ్మాయి, అల్లుడుగారు మమ్మల్ని అవన్నీ తిప్పి చూపించారు. వాటి గురించి మన పత్రికలో ఇదివరకు రాసినవారున్నారు కనుక నేను మళ్ళీ రాయను. ఆ చెల్లని కాసులో 1965 డిసెంబరు 22, 23 తేదీలలో ఐదుగురు మనుషులు వాయించిన సంగీతం గురించీ, ఆ వీధి గురించీ రాస్తాను.

చికాగోకి వచ్చిన పాట

జాజ్ పుట్టింది చికాగోలో కాదు. అమెరికా దక్షిణాదిన న్యూ ఆర్లియన్స్ దాని పుట్టిల్లు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో దక్షిణాది పత్తి పొలాల్లో బతుకు గడవక, అక్కడి దౌర్జన్యం భరించలేక నల్లజాతివారు రైళ్ళెక్కి ఉత్తరాది నగరాలకు రాసాగారు. 1910 నుంచి 1970 దాకా అలా కదిలి వచ్చినవారు సుమారు అరవై లక్షలు. మిసిసిపీ వైపు నుంచి వచ్చే రైలు దారి నేరుగా చికాగోకే చేరుతుంది. కూలికి వచ్చినవారితో పాటు పాట కూడా వచ్చింది. 1922లో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ కార్నెట్ పట్టుకుని న్యూ ఆర్లియన్స్ నుంచి చికాగోలోనే దిగాడు.

పొట్ట చేత పట్టుకుని వచ్చిన ఊళ్ళో తమ పాటను నిలబెట్టుకోవడం అంటే ఏమిటో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. ముంబయి కామాఠీపురాకి ఆ పేరే తెలంగాణ నుంచి వచ్చిన కామాఠీ కూలీల వల్ల వచ్చింది. మన భాషలో మరాఠీ మాటలు కలిశాయి, పాటలో వరస మారింది. అయినా అది మన పాటే. చికాగోలో జరిగింది కూడా అలాంటిదే.

ఆ పాట మా ముంబయికి కూడా వచ్చింది. 1920లలో చికాగోలో పేరు తెచ్చుకున్న టెడ్డీ వెదర్‌ఫర్డ్ అనే పియానో వాద్యకారుడు ఆసియాకి వచ్చి, షాంఘైలో వాయించి, 1930లలో బొంబాయి తాజ్ మహల్ హోటల్లో వాయించాడు. చివరికి 1945లో కలకత్తాలో కలరా సోకి చనిపోయాడు. ఫోర్ట్ ప్రాంతంలో ఉద్యోగం చేసే నేను రోజూ నడిచే దారిలో ఇంత కథ ఉందని చాలా కాలం తరువాత తెలిసింది. నాకు మాత్రం ఈ సంగీతం పరిచయమైంది కాలా ఘోడాలోని రిథమ్ హౌస్‌లో. 2016లో మూతపడిన ఆ దుకాణం మా తరం వాళ్ళకి గుర్తుండే ఉంటుంది. కొనకపోయినా పాట వినిపించేవారు. అక్కడ తొంభైలలో కొన్న మైల్స్ డేవిస్ క్యాసెట్ ఒకటి టేపు సాగిపోయేదాకా విన్నాను.

ఈ మాట చెప్పడం దేనికంటే, నేను సంగీతం నేర్చుకున్నవాణ్ణి కాను. బి.కాం. చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. మా శ్రీమతి కర్ణాటక సంగీతం నేర్చుకుంది, మన సంఘం పిల్లలకు నేర్పుతుంది. కనుక ఈ వ్యాసంలో సంగీతం గురించిన తెలివైన మాటలు ఎక్కడైనా కనిపిస్తే అవి ఆవిడవి.

వెల్స్ స్ట్రీట్

చికాగోలో వీధుల పైన ఇనుప స్తంభాల మీద పరిగెత్తే రైలును ‘ఎల్’ అంటారు. బ్రౌన్ లైను రైలెక్కి సెజ్‌విక్ స్టేషన్లో దిగి, నార్త్ అవెన్యూ వెంబడి కొంచెం తూర్పుకు నడిస్తే వెల్స్ స్ట్రీట్ వస్తుంది. ఎర్ర ఇటుకల పాత మేడలు, కింద తిండి దుకాణాలు, కాలిబాట మీద కుర్చీలు, చెట్ల నీడ. మేము వెళ్ళినది సాయంకాలం. మా అల్లుడుగారు కారు తీస్తానన్నా వద్దని రైల్లోనే వెళ్ళాం.

ఈ పేటకు ఒక సరిహద్దు గుర్తు చెబుతారు. సెయింట్ మైకేల్ చర్చి గంట వినపడినంత మేరా ఓల్డ్ టౌన్ అట. 1871లో చికాగో నగరం తగలబడినప్పుడు ఆ చర్చి లోపలంతా కాలిపోయింది కాని గోడలు నిలబడ్డాయి. ఆ గోడల మీదే మళ్ళీ కట్టుకున్నారు. పాత గోడలు ఉంచుకుని లోపలంతా కొత్తగా కట్టుకోవడం అన్న మాట దగ్గర కాస్సేపు ఆగండి. మన కథకు అది పనికొస్తుంది.

అదే వీధిలో ‘సెకండ్ సిటీ’ అనే హాస్య నాటకశాల ఉంది. 1959 డిసెంబరులో మొదలైంది. ఇప్పుడున్న భవనానికి 1967లో మారింది. అంతకుముందు అదే వెల్స్ స్ట్రీట్‌లో మరికొంచెం ఉత్తరాన ఉండేది. అక్కడి విశేషం ఆశువుగా నటించడం. ప్రేక్షకులు ఒక మాట ఇస్తే దాన్ని పట్టుకుని నటులు అప్పటికప్పుడు సన్నివేశం అల్లుతారు. వాళ్ళకు ఒక నియమం ఉంది. ఎదుటి నటుడు ఏమన్నా కాదనకూడదు. అవునని, దానికి ఇంకొకటి చేర్చాలి. నువ్వు రాజువి అని ఒకడంటే రెండోవాడు కాదనడానికి లేదు, కిరీటం ఎక్కడో వెతుక్కోవాలి. మన అవధానంలో పృచ్ఛకుడు ఎంత చిక్కు సమస్య ఇచ్చినా అవధాని ఇది కుదరదు అనడు కదా, అలాగన్న మాట.

ఒకే వీధిలో కొద్ది నిమిషాల నడక దూరంలో ఒక చోట మాటలతోనూ, ఒక చోట స్వరాలతోనూ ఇదే పని జరిగేది. ప్లగ్డ్ నికెల్ మూతపడి దశాబ్దాలయింది. 1321 ఎదుటి కాలిబాట మీద నిలబడితే కనిపించేది మామూలు వీధే. కాశీలోనో, తిరువయ్యారులోనో నిలబడినట్టు ఉండదు. కాని జేబులో ఫోను, చెవిలో తీగ పెట్టుకుని ఆ రాత్రి వాయించిన సంగీతాన్ని ఆ వాకిట్లోనే వినవచ్చు. నేను అదే పని చేశాను. మా శ్రీమతికి ఒక చెవి తీగ ఇచ్చాను. అయిదు నిమిషాలు విని ఆవిడ అడిగిన ప్రశ్న ఇది: “తాళం ఎవరు వేస్తున్నారండీ?”

ఈ వ్యాసమంతా ఆ ప్రశ్నకు జవాబు.

ఐదుగురు

ముందు మనుషుల్ని పరిచయం చేయాలి. నాయకుడు మైల్స్ డేవిస్, ట్రంపెట్. అప్పటికి వయసు 39. వేన్ షార్టర్, శాక్సాఫోన్, 32. మన కద్రి గోపాల్‌నాథ్ గారి వల్ల ఈ వాద్యం మనకు పరాయిది కాదు. రాన్ కార్టర్, బేస్, 28. ఇది నిలువెత్తు వయొలిన్ లాంటి వాద్యం, జాజ్‌లో ఎక్కువగా వేళ్ళతో మీటుతారు. హెర్బీ హాంకాక్, పియానో, 25. చికాగోలోనే పుట్టినవాడు. పదకొండో ఏట చికాగో సింఫనీ వారితో కలిసి మొజార్ట్ వాయించిన బాల మేధావి. ఇక డ్రమ్స్ మీద టోనీ విలియమ్స్. డిసెంబరు 12న ఇరవై నిండాయి, అంటే కచేరీకి పది రోజుల ముందు. 1963లో ఈ బృందంలో చేరేనాటికి పదిహేడేళ్ళవాడు.

మామూలుగా జాజ్ బృందంలో పనుల పంపకం మన బ్యాంకు శాఖలో ఉన్నట్టే స్పష్టంగా ఉంటుంది. అందరికీ తెలిసిన ఒక పాట తీసుకుంటారు. ట్రంపెట్, శాక్సాఫోన్ కలిసి ఆ వరసను ఒకసారి వినిపిస్తాయి. ఆ తరువాత ఒక్కొక్కరు వంతులవారీగా దాని మీద మనోధర్మం చూపిస్తారు. పియానో వెనక నుంచి స్వరాల గుత్తులు అందిస్తుంది. బేస్ ఒక్కొక్క అక్షరానికి ఒక్కొక్క అడుగు వేస్తూ నేల పరుస్తుంది. డ్రమ్స్ తాళం చూసుకుంటుంది. చివర మళ్ళీ పాట అందుకుని ముగిస్తారు. మన పౌరాణిక నాటకంలో నటుడు పద్యం ఎత్తుకుని రాగం తీస్తుంటే హార్మోనిస్టు వెనక నుంచి అందుకోవడం చూశాం కదా. ఎంత గొప్ప హార్మోనిస్టయినా పద్యం నటుడిదే.

ఆ రెండు రాత్రులూ వాళ్ళు ఎంచుకున్నవి దాదాపు అన్నీ పాత పాటలే. ‘స్టెల్లా బై స్టార్‌లైట్’ 1944 నాటి సినిమా సంగీతం. ‘మై ఫన్నీ వాలెంటైన్’ 1937 నాటి నాటకం పాట. ‘ఇఫ్ ఐ వర్ ఎ బెల్’ 1950 నాటి నాటకం పాట. దీన్ని 1956లో మైల్స్ పాత బృందం పియానో మీద గడియారపు గంటలతో మొదలుపెట్టి రికార్డు చేసింది. ప్రేక్షకులకు ఆ రికార్డులు కంఠతా వచ్చు. అదే వినడానికి డబ్బిచ్చి వస్తారు. అదే వాయించి సొమ్ము చేసుకోవచ్చు. ఇబ్బంది కూడా అక్కడే ఉంది. అవే పాటలు కలిసి వాయించి వాయించి ఒకరి మనసు ఒకరికి ఎంత తెలిసిపోయిందంటే, ఒకరు ఒక స్వరం ఎత్తుకోగానే మిగిలినవాళ్ళు ఎక్కడికి చేరాలో చేతులకే తెలిసిపోయేది. బాగానే ఉండేది. బాగుండడమే అలవాటైపోయింది.

హెర్బీ హాంకాక్ 2014లో అచ్చయిన తన ఆత్మకథలో చెప్పిన సంగతి ఇది. చికాగో కచేరీకి ముందు ఇరవై ఏళ్ళ టోనీ ఒక ప్రతిపాదన పెట్టాడు. ఎదుటివాడు మన నుంచి ఏది ఆశిస్తాడో అది తప్ప మిగతాదంతా వాయిద్దాం అని. నాయకుడు వేగం పెంచబోతుంటే మనం తగ్గిద్దాం. పాట శిఖరం ఎక్కబోతుంటే చప్పుడు ఆపేద్దాం. కుర్రవాళ్ళు సరేనన్నారు. తీరా క్లబ్బుకు వచ్చి చూస్తే కొలంబియా కంపెనీ వారు రికార్డింగు యంత్రాలు సర్దుతున్నారు. ఏ రాత్రి జాగ్రత్తగా వాయించాలో సరిగ్గా ఆ రాత్రి అది. అయినా మాట తప్పలేదు.

ఇప్పుడు నాయకుడి వైపు నుంచి చూడండి. ఆ ఏడాది మైల్స్‌కు తుంటి ఎముక మీద ఆపరేషన్ జరిగింది. కాలు విరిగి మళ్ళీ ఆపరేషన్ చేశారు. నెలల తరబడి వాద్యం పట్టలేదు. ట్రంపెట్ పెదవి బిగువు మీద బతికే వాద్యం. కొన్నాళ్ళు మానేస్తే బిగువు పోతుంది. నవంబరులో మళ్ళీ వేదిక ఎక్కి నెల తిరిగిందో లేదో. అంత బలహీనంగా ఉన్న సమయంలో, ఎదురుగా రికార్డింగు యంత్రం తిరుగుతుండగా, తన కాళ్ళ కింది నేలను తన బృందమే లాగేస్తున్నది. మన ఆఫీసుల్లో అయితే మర్నాడు పొద్దున్నే మెమో చేతికి వస్తుంది.

వింటుంటే ఏం జరుగుతుందో చెబుతాను. పాట మెల్లగా మొదలవుతుంది. నాలుగు అక్షరాలకు నాలుగు అడుగులు వేయాల్సిన బేస్, అడుగు వేయడం మానేసి ఒకే స్వరం మీద నిలబడిపోతుంది. డ్రమ్స్ రెట్టింపు వేగం అందుకుంటుంది, ఉన్నట్టుండి ఆగిపోతుంది. పియానో కొంతసేపు అసలు వినపడదు. హాంకాక్ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంటాడన్న మాట. ట్రంపెట్ ఒంటరిగా మిగులుతుంది. మైల్స్ కంగారు పడడు. నాలుగు స్వరాలు వేసి, వాటి తరువాత మౌనం ఉంచుతాడు. కొన్ని స్వరాలు జారిపోతాయి కూడా. వాటిని దాచుకోడు. ఆ జారిన స్వరాన్నే టోనీ డ్రమ్ము మీద అందుకుంటాడు. అది బేసుకు కొత్త దారి చూపిస్తుంది. అప్పుడు పియానో లోపలికి వస్తుంది, కాని ఎవరూ అనుకోని గుమ్మంలోంచి. షార్టర్ వంతు వచ్చేసరికి పాట ఎక్కడుందో వెతుక్కోవాలి. అతను అసలు పాటలోంచి ఒక చిన్న ముక్క తుంచి, దాన్ని తిప్పి, సాగదీసి, ప్రశ్నలాగా వదిలేస్తాడు. జవాబు మిగతా నలుగురిలో ఎవరైనా చెప్పవచ్చు.

వింతేమిటంటే ఇంత జరిగినా పాట విరగలేదు. ‘స్టెల్లా’ పాట ముప్ఫై రెండు బార్ల ఆవృత్తం. దాన్ని చాలా చోట్ల ఎవరూ పైకి చెప్పడం లేదు. అయినా ఐదుగురికీ లోపల అది తిరుగుతూనే ఉంది. కచ్చితంగా ఒక చోట, ఎవరూ సైగ చేయకుండానే, ఐదుగురూ వచ్చి ఒకే అక్షరం మీద కాలు పెడతారు. ఒళ్ళు జలదరిస్తుంది. మా శ్రీమతి అడిగిన ప్రశ్నకు జవాబు అదే. తాళం ఎవరూ వేయడం లేదు, అందరూ మోస్తున్నారు. ఆవిడ ఇంకో మాట అంది. “మన కచేరీలో చెయ్యి కనిపిస్తుంది, తాళం కళ్ళతో కూడా చూస్తాం. వీళ్ళు చెయ్యి దాచేశారు. ఒకరి మీద ఒకరికి నమ్మకం లేకపోతే రెండు నిమిషాల్లో కుప్పకూలుతుంది.”

సెయింట్ మైకేల్ గోడల మాట అందుకే గుర్తుంచుకోమన్నాను. పాత గోడలు పడకుండా లోపల ఎంతవరకు తీసేయవచ్చో ఆ రెండు రాత్రులూ కొలిచి చూశారు.

మొదటి రాత్రి మూడు విడతలు, రెండో రాత్రి నాలుగు విడతలు వాయించారు. అన్నీ కలిపి ఏడు గంటలకు పైగా సంగీతం. అదే పాట మొదటి రాత్రి ఒకలాగా, మర్నాడు ఇంకోలాగా ఉంటుంది. మొత్తం ఎనిమిది సీడీలుగా అమెరికాలో బయటికి వచ్చింది 1995లో, అంటే మైల్స్ 1991లో కన్నుమూసిన నాలుగేళ్ళకు. రికార్డులో గ్లాసుల చప్పుడు, జనం మాటలు కూడా వినపడతాయి. తమ ఎదురుగా ఏం జరుగుతున్నదో ఆ రాత్రి అక్కడ కూర్చున్నవారిలో ఎందరికి తెలిసిందో!

సస్పెన్స్ అకౌంటు

ఈ ధైర్యం ఒక్క రాత్రిలో వచ్చింది కాదు. దాని వెనక ఉన్న మరొక సంగతి హాంకాక్ చాలా సభల్లో చెప్పాడు. అంతకు కొద్ది కాలం ముందు ఐరోపాలో ఒక కచేరీలో, మైల్స్ వాయిస్తుండగా, అతను పియానో మీద పూర్తిగా తప్పు స్వరాల గుత్తి వేశాడట. కచేరీ అంతా అద్భుతంగా సాగుతుంటే తానే పాడుచేశానని బిగుసుకుపోయాడట. మైల్స్ ఒక్క క్షణం ఆగి, ఆ తప్పు గుత్తి ఒప్పుగా వినిపించేటట్టు దాని పక్కన కొన్ని స్వరాలు వేశాడు. అది ఎలా సాధ్యమైందో హాంకాక్‌కు చాలా కాలం అర్థం కాలేదు. తరువాత తెలిసింది. మైల్స్ దాన్ని తప్పుగా వినలేదు. జరిగిన ఒక సంగతిగా విన్నాడు. జరిగిపోయింది కనుక దానితో ఏం చేయాలో చూశాడు.

కామర్సు చదివినవారికి ఇది తేలిగ్గా బోధపడుతుంది. మా జమాఖర్చుల్లో ప్రతి డెబిట్‌కూ ఎదురుగా ఒక క్రెడిట్ ఉండాలి. సాయంకాలం లెక్క కుదరకపోతే ఆ తేడాను సస్పెన్స్ అకౌంటులో ఉంచుతాం. అది తప్పు అని ముద్ర వేయడం కాదు. దానికి జోడీ ఎంట్రీ ఇంకా దొరకలేదని అర్థం. దొరికేదాకా దాన్ని కాపాడాలి. చించి అవతల పారేసే హక్కు ఎవరికీ లేదు. మైల్స్ చేసింది ఆ జోడీ ఎంట్రీ వేయడం. మేము రాత్రి ఎనిమిదింటిదాకా కూర్చుని చేసేది ఆయన ఒక్క శ్వాసలో చేశాడు.

ఇలాంటి నాయకుడి దగ్గర పనిచేసినవాళ్ళకు ఎంత చనువు వస్తుందో 1967 జూన్‌లో రికార్డు చేసిన ‘నెఫర్టిటి’ అనే షార్టర్ రచన చెబుతుంది. అందులో ట్రంపెట్, శాక్సాఫోన్ ఒకే వరసను మళ్ళీ మళ్ళీ వాయిస్తూ ఉంటాయి, అంతే. వాటికి మనోధర్మం లేదు. ఆ పని అంతా వెనకవాళ్ళది. పల్లవి తిరిగి తిరిగి పాడుతూ ఉంటే మృదంగానికే కచేరీ అప్పగించినట్టు. ముందు వరుసలో ఉండాల్సిన ఇద్దరు పెద్దలు నేల పరిస్తే, ఇరవై ఒక్క ఏళ్ళ టోనీ దాని మీద మేడ కట్టాడు.

1968లో ఈ ఐదుగురూ విడిపోవడం మొదలైంది. విడిపోయినవాళ్ళలో ప్రతి ఒక్కరూ సొంత బృందానికి నాయకులయ్యారు. మంచి మేనేజరు దగ్గర పనిచేసిన గుమాస్తాలు ఒక్కొక్కరుగా మేనేజర్లవడం మా వృత్తిలోనూ ఉంది. టోనీ 1997లో, షార్టర్ 2023లో కన్నుమూశారు.

డియర్‌బార్న్ స్టేషన్లో ఒక రాత్రి

పాత సంగతులేనా, ఇప్పుడేమీ లేదా అని మా అల్లుడుగారు అడిగారు. ఆయనే టికెట్లు కొని మమ్మల్ని ‘జాజ్ షోకేస్’కు తీసుకెళ్ళారు. జో సీగల్ అనే ఆయన 1947లో విద్యార్థిగా ఉండగా మొదలుపెట్టిన కచేరీలు అవి. ఆయన 2020లో కాలం చేశారు. కచేరీలు ఎన్నో చోట్లకు మారుతూ వచ్చాయి. ఇప్పుడు డియర్‌బార్న్ స్టేషన్ భవనంలో జరుగుతున్నాయి. 1885 నాటి రైల్వే స్టేషన్ అది. 1971లో స్టేషన్ మూతపడింది. గడియారం గోపురం మాత్రం అలాగే ఉంది. వలస వచ్చినవాళ్ళ పాట ఒక పాత రైల్వే స్టేషన్లో తలదాచుకోవడం నాకు సబబుగానే తోచింది.

వేదిక వెనక గోడ మీద చార్లీ పార్కర్ పెద్ద బొమ్మ. దాని ముందు అయిదుగురు కుర్రాళ్ళు. పెద్దవాడికి కూడా ముప్ఫై దాటి ఉండవు. మేము రెండో వరుసలో కూర్చున్నాం. నేను ఆ రాత్రి చెవులతో కంటె కళ్ళతో ఎక్కువ విన్నాను. వాయిస్తున్నవాడు కళ్ళు మూసుకుంటే, వాయించనివాడు కళ్ళు విప్పార్చి అతన్నే చూస్తున్నాడు. డ్రమ్స్ అబ్బాయి ఒక చోట ఏదో కొంటె దెబ్బ వేశాడు. బేస్ అమ్మాయి తల తిప్పి అతన్ని చూసి నవ్వి, అదే దెబ్బను తీగ మీద తిరగేసి ఇచ్చింది. శాక్సాఫోన్ అబ్బాయి సగంలో ఆపి, వాద్యం దించి, వాళ్ళిద్దర్నీ సాగనిచ్చాడు. చప్పట్లు అతనికి రావలసినవి. వాళ్ళకు వచ్చాయి. అందరి కంటె ముందు కొట్టింది అతనే.

తిరిగి వస్తుంటే కారులో మా అమ్మాయి అంది. “నాన్నా, ఎవరు ముందు వాయిస్తున్నారో, ఎవరు వెనక వాయిస్తున్నారో తెలియలేదు.” నేను ఏడు గంటల రికార్డులు విని తెలుసుకున్నది అది ఒక్క రాత్రిలో పట్టేసింది.

మన వేదిక మాట

మన తెలుగువాళ్ళకీ ఈ సంగీతానికీ నేరుగా చుట్టరికం ఉంది. 1969 ఫిబ్రవరి 18న మైల్స్ డేవిస్ ‘ఇన్ ఎ సైలెంట్ వే’ రికార్డు చేసినప్పుడు గిటార్ వాయించింది జాన్ మెక్‌లాఫ్లిన్. ఆ గదిలో హాంకాక్, షార్టర్, టోనీ కూడా ఉన్నారు. సరిగ్గా పది రోజులకు, ఫిబ్రవరి 28న, పాలకొల్లులో ఒక పిల్లవాడు పుట్టాడు. ఆ పిల్లవాడే మాండొలిన్ శ్రీనివాస్. 1983లో పద్నాలుగేళ్ళ వయసులో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించాడు. తరువాత మెక్‌లాఫ్లిన్‌తో కలిసి ‘రిమెంబర్ శక్తి’ బృందంలో ప్రపంచమంతా తిరిగాడు. 2014లో నలభై అయిదేళ్ళకే వెళ్ళిపోయాడు. ఆ బృందంలో తబలా, ఘటం, గిటార్, మాండొలిన్ ఒకదానికొకటి విసురుకునే స్వరాలు వింటే, మైల్స్ వీధి మన గోదావరి జిల్లా వీధిలో కలిసినట్టుంటుంది.

తిరిగి వచ్చాక మన సంఘం ఉగాది కార్యక్రమాల జాబితా చూశాను. ప్రార్థన, స్వాగతం, పెద్దల ప్రసంగాలు, సన్మానం, చివర సమయం మిగిలితే పిల్లల కార్యక్రమం. ఆ పిల్లలకు మనం ఇచ్చేది కూడా మనం కుర్రతనంలో పాడిన పాటే, అదే వరసలో, అదే మడతలో. వాళ్ళు కొంచెం తేడాగా అందుకుంటే పక్క నుంచి మనమే దిద్దుతాం. తరువాత పిల్లలు రావడం లేదని కార్యవర్గ సమావేశంలో బాధపడతాం. మూడు తరాలుగా పరాయి ఊళ్ళో తెలుగు నిలబెట్టుకున్నవాళ్ళం మనం. గోడలు కూలతాయేమోనన్న భయం మనకు ఉండడం సహజం. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. మన తాతలు ఎంత కష్టపడి ఆ గోడలు లేపారో నాకు తెలుసు.

అందుకే ఈసారి కార్యవర్గానికి చిన్న ప్రతిపాదన రాసి ఇచ్చాను. ఒక అరగంట పిల్లలకు ముందుగానే కేటాయించాలి. మనకు తెలిసిన పాటే ఒకటి వాళ్ళకు ఇవ్వాలి. వాళ్ళు దానితో ఏం చేస్తారో మనకు ముందుగా చెప్పనక్కరలేదు. గిటార్ తెస్తే తేనిద్దాం, డ్రమ్ము తెస్తే తేనిద్దాం. పెద్దవాళ్ళలో పాడేవాళ్ళు, మృదంగం వాయించేవాళ్ళు ఇద్దరు ముగ్గురు వాళ్ళ వెనక కూర్చోవాలి, ముందు కాదు. మా శ్రీమతి తంబురా దగ్గర కూర్చోవడానికి ఒప్పుకుంది. కార్యదర్శిగారు పరిశీలిస్తామన్నారు. రికార్డు చేసే బాధ్యత నేను తీసుకున్నాను.

చికాగో వెళ్ళే మన పాఠకులకు చివరగా ఒక సలహా. గుడి, సరస్సు, వివేకానందుడి భవనం అన్నీ చూడండి. ఒక సాయంకాలం మాత్రం మిగుల్చుకుని బ్రౌన్ లైను రైలెక్కి సెజ్‌విక్‌లో దిగండి. వెల్స్ స్ట్రీట్ మీద దక్షిణంగా నడుస్తూ ‘స్టెల్లా బై స్టార్‌లైట్’ పెట్టుకోండి. మొదటిసారి ట్రంపెట్ మీద ధ్యాస పెట్టకండి, డ్రమ్స్ ఒక్కటే వినండి. రెండోసారి బేస్ వినండి. మూడోసారి పియానో ఎక్కడెక్కడ మౌనంగా ఉందో లెక్కపెట్టండి. అప్పుడు నాలుగోసారి అంతా కలిపి వినండి. ఇంటి నంబర్లు తగ్గుతూ తగ్గుతూ 1321 దాకా వచ్చేసరికి ఐదుగురూ మీకు పరిచయమై ఉంటారు.